ఆయ్, లేరండీ

ఈ ఉదయం కుక్కరు మూత తీసేసరికి వంటిల్లంతా ఒక వాసన కమ్ముకుంది. సన్నబియ్యం సంచి అడుగంటితే, చాలవేమోనని పక్క డబ్బాలోంచి కోటా బియ్యం రెండు గుప్పిళ్ళు తీసి అందులోనే పడేశాను. ఇంకేముంది, సన్నవి మెత్తబడిపోయి, దొడ్డువి బిరుసుగా నిలబడి, పాతబియ్యం ముక్కిన వాసనా కొత్తబియ్యం గంజి వాసనా ఒకే గిన్నెలోంచి లేచాయి. గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బళ్ళో అరవైమంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే పంతులమ్మని, అమలాపురంలో సొంతింట్లో, పట్టపగలు, నా చేతిమీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఈ వాసన నాకు ఆకలిని కాదు, భయాన్ని గుర్తుచేస్తుంది. ఎందుకో చెబుతాను.

మా ఊరు ముమ్మిడివరానికి అవతల, కాలవగట్టు మీద. గుడి వెనక సిస్టర్ల మఠం, మఠం పక్కన పెంకుల వంటసాల. మా గుడి ఇళ్ళన్నిటిలోనూ ఒక అలవాటుండేది. ఎసరు పెట్టబోయే ముందు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న ముంతలో వెయ్యాలి. పెళ్ళింట్లోనైనా సరే, గింజ కరువైన ఇంట్లోనైనా సరే, ముందు ఆ పిడికెడు. శనివారం పొద్దున్న పిల్లలం గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ ముంతలు బోర్లించుకొచ్చేవాళ్ళం. ఏ రెండిళ్ళ బియ్యమూ ఒకటి కాదు. ఆ కలగలుపు బియ్యమే పెద్ద గుండిగలో ఉడికి, మంచాన పడ్డవాళ్ళకీ, నా అన్నవాళ్ళు లేనివాళ్ళకీ మధ్యాహ్నపు అన్నమయ్యేది. ఆ గుండిగ మా మామ్మ చేతికింద ఉండేది. మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. మనిషి పొట్టి, గొంతు పొడుగు. సంచిలో చెయ్యి పెట్టి గింజలు వేళ్ళమధ్య నలిపి, "ఇది ఉపదేశిగారి కోడలి పిడికిలే. ఎప్పుడూ సగమే మూస్తది, దాని దుంపతెగ" అనేది. గింజని చూసి మనిషిని చెప్పేది. నాకప్పుడది మంత్రంలా ఉండేది.

వానలు పడితే వంటసాల పెంకుల్లోంచి ఆవిరీ పొగా కలిసి, కొబ్బరాకుల మధ్య తెల్లగా ఆగిపోయేవి. ఈస్టరు ముందరి తపస్సుకాలం నలభై రోజులూ గోంగూర, పప్పుచారు, పనసపొట్టు; క్రిస్మసు వారం కజ్జికాయలూ గులాబీ గుత్తులూ వేయించిన నూనెవాసన వీధంతా. మా ఆటలు కూడా ఆ గుడి చుట్టూనే. లేతకొబ్బరిని ప్రసాదపు అప్పంలా గుండ్రంగా చెక్కి, దిండు గలీబు భుజాలమీద వేసుకుని పూజ ఆట ఆడేవాళ్ళం. నేనే ఫాదరుగారిని, ఎందుకంటే నా గొంతు పెద్దది, పైగా తడుముకోకుండా చదవగలను. ఆ చదువే నా కొంప ముంచింది.

మఠంలో సిస్టర్ ఆనీగారని ఉండేవారు. కేరళ మనిషి. తెలుగు గడగడా మాట్లాడేవారు గాని చదవడం మాత్రం అక్షరమక్షరం కూడబలుక్కోవడమే. అందుకని వంటసాల అరుగు మీద నన్ను నిలబెట్టి అన్నానికొచ్చినవాళ్ళ పేర్లు చదివించేవారు. నేను ఒక్కో పేరూ పిలవడం, నడవగలిగినవాళ్ళు "ఆయ్" అని లేచొచ్చి విస్తరి ముందు కూర్చోవడం. మా వైపు "ఆయ్" అంటే అవును, చిత్తం, ఉన్నాను, సరే, అన్నీ అదే. ఇంకో కాగితం కూడా నేనే చదివేదాన్ని. నెలకోసారి, మొదటి శుక్రవారం పూజలో, చనిపోయినవాళ్ళ పేర్లు. బతికినవాళ్ళ కాగితమూ పోయినవాళ్ళ కాగితమూ సిస్టరుగారి ఒకే సంచిలో ఉండేవి, రెండూ ఒకే గొంతుతో చదివేదాన్ని. అప్పట్లో గొప్పగా ఉండేది.

సిస్టరుగారు కొత్తలో ఒక చావింటికి వెళ్ళి, అందరి ముందూ "ఎప్పుడు చచ్చిపోయారు?" అనేశారట. దారి పొడుగునా మామ్మ ఆవిడకి బుద్ధి చెప్పింది. "అలా అనకూడదండీ సిస్టరుగారూ, వినేవోళ్ళకి ప్రాణం ఉసూరుమంటది. 'లేరు' అనాలండీ. ఫలానావారు లేరండీ అంటే చాలు, అర్థమైపోద్ది." సిస్టరుగారు ఆ మాటని చిన్న పుస్తకంలో మలయాళంలో రాసుకున్నారు. నేను పక్కనే నడుస్తున్నాను. ఆవిడ ఎంత శ్రద్ధగా రాసుకున్నారో నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

గట్టు చివర, పాడుబడ్డ రొయ్యల చెరువుల మధ్య, తాటాకుల పాకలో సత్తెయ్య తాత ఉండేవాడు. ఒకప్పుడు పాయ మీద పడవ నడిపినవాడు, మా గుడికి సంబంధం లేదు, శనివారాలు వాడపల్లి వెంకన్నకి దణ్ణం పెట్టుకునే మనిషి. కాలు వాచి నడవలేకపోయేవరకూ మా అరుగు మీదకే వచ్చి, నేను పేరు పిలవగానే అందరికన్నా గట్టిగా, పడవలోంచి ఒడ్డుకి కేకేసినట్టు "ఆయ్!" అనేవాడు. నడవలేకపోయాక క్యారేజీ నేనే పట్టుకెళ్ళేదాన్ని. పన్నెండు గంటలకి త్రికాల జపం గంట కొట్టగానే రెండు చేతుల్లో రెండు క్యారేజీలతో బయల్దేరడం, ఒకటి సత్తెయ్య తాతకి, రెండోది ఆ పాక దాటాక ఉండే గుడ్డి వెంకాయమ్మగారికి. "ఏం బుల్లీ, ఇయ్యాల మీ మామ్మ ఉప్పేసిందా మర్చిపోయిందా?" అని ఆటపట్టించేవాడు. నాకు సొంత తాతలిద్దరూ లేరు. ఆ గట్టు తాతే నా తాత.

వానాకాలం చివర్లో ఒకరోజు వెళ్తే పాక తలుపు తాడుకట్టి ఉంది. పిలిచాను, పలకలేదు. క్యారేజీ వెనక్కి తెచ్చి సిస్టరుగారికిచ్చి, "సత్తెయ్య తాతగారు లేరండీ" అన్నాను.

"లేరు?" అన్నారావిడ.

"ఆయ్, లేరండీ."

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. నా తలమీద చెయ్యి పెట్టి, సిలువ గుర్తు వేసుకుని, లోపలికి వెళ్ళిపోయారు. ఇంట్లో లేకపోతే ఏడవడమెందుకో, ఈ కేరళవాళ్ళకి మనసు మరీ మెత్తన కాబోలు అనుకుని నేను కోతికొమ్మచ్చి ఆడుకోవడానికి పోయాను. ఆ సాయంత్రమే గడ్డి కోసుకొచ్చే ఒకావిడ, సత్తెయ్యని మేనల్లుళ్ళు దుప్పటి కప్పి పడవలో పడుకోబెట్టి పట్టుకుపోవడం తెల్లారగట్ల చూశానంది. ఇక ఎవరికీ ఏ అనుమానమూ లేదు. మొదటి శుక్రవారం పూజలో సిస్టరుగారు ఇంకొకరిచేత రాయించిన కాగితం నా చేతికిచ్చారు. చదువుతూ చదువుతూ చివర్లో సత్తెయ్య తాత పేరు చూశాను. అయితే తాత చచ్చిపోయాడన్నమాట! మైకులో ఆ పేరు చదివి, కిందికి దిగి, మామ్మ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. నేనన్న మాటే తిరిగొచ్చి నాకు చావుకబురు చెప్పిందని నా బుర్రకి తట్టలేదు. మన గుడివాడు కాడు కదా, పేరెందుకని ఎవరో అడిగితే సిస్టరుగారు, "అన్నం పెట్టినప్పుడు అడగలేదు, ఇప్పుడెందుకు?" అన్నారు.

తర్వాత నెలరోజులూ ఆ గట్టు మీద ఒక్క క్యారేజీతోనే నడిచాను. రెండో చెయ్యి ఖాళీగా ఊగుతుంటే దానికేదో తగులుతున్నట్టుండేది. పాక దగ్గరికి రాగానే తల పక్కకి తిప్పుకునేదాన్ని. చెరువుల్లో నాచు ఎండి, తెల్లటి ఉప్పుపొర పేరుకుని, మధ్యాహ్నం ఎండలో కాకి కూడా అరిచేది కాదు.

పోయినవాళ్ళని తలుచుకునే ఆత్మల పండక్కి నాలుగురోజుల ముందు, అలా తల తిప్పుకుని నడుస్తుంటే, "బుల్లీ" అని వినపడింది.

పాక గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గుండు చేసిన తల. ఒంటిమీద తెల్లటి గుడ్డ, ఆసుపత్రిదని నాకేం తెలుసు, శవానికి కప్పేదే అనుకున్నాను. బుగ్గలు లోపలికి పోయి కళ్ళు మాత్రమే మిగిలాయి. "అన్నం తెచ్చేవా బుల్లీ?" అన్నాడు. గొంతు కూడా తాతది కాదు, కుండలోంచి వచ్చినట్టుంది. నేను పరిగెత్తాను. వెంకాయమ్మగారి అరుగు మీద పడ్డాక గాని ఊపిరి తీసుకోలేదు. ఆవిడ చూపులేని కళ్ళు గట్టువైపు తిప్పి, "ఎవరే అక్కడ, నిన్న సందేళనించీ ఒకటే మూలుగు?" అంది. కళ్ళులేనివాళ్ళకి ఆత్మలు వినిపిస్తాయని బళ్ళో ఎవరో చెప్పారు నాకు.

ఇంటికెళ్ళి మామ్మకి చెప్పాను. మామ్మ ముందు తిట్టింది, తర్వాత నా నుదురు పట్టుకు చూసింది, తర్వాత తనే దీర్ఘంగా ఆలోచించింది. చనిపోయినవాళ్ళు మోక్షానికి ముందు కొన్నాళ్ళు ఆగే చోటుంటుందని, దాన్ని ఉత్తరించు స్థలం అంటారని, అక్కడి ఆత్మలు మన జపాల కోసం ఎదురుచూస్తాయని మా అందరికీ ఉపదేశంలో నేర్పినదే. "అన్నం అడిగేరా? అన్నం కాదే పిచ్చిదానా, జపం అడుగుతున్నారు. పాపం, చెప్పేవోళ్ళెవరూ లేక నీకు కనపడ్డారు. భయపడక జపమాల చెప్పిరా" అంది. మామ్మ మాట నాకు సువార్తతో సమానం.

మర్నాడు పాకకి ఇరవై గజాల దూరంలో కొబ్బరిచెట్టు వెనక మోకాళ్ళమీద నిలబడి జపమాల మొదలుపెట్టాను. తాత గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మేనల్లుళ్ళు కాకినాడ పెద్దాసుపత్రినించి తెచ్చి దింపి, ఒక మూట అటుకులు పెట్టి, గుడివాళ్ళ క్యారేజీ ఎలాగూ వస్తుందనే ధైర్యంతో వేటకి వెళ్ళిపోయారని ఆ రోజు నాకు తెలియదు. నేను జపం చెబుతుంటే ఆయనా రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నాడు. వేరేవాళ్ళ దేవుడికి కూడా మర్యాద చెయ్యాలని తెలిసిన మనిషి. నేను ఆపగానే కళ్ళు తెరిచి, నా పక్కన గడ్డిలో ఉన్న వెంకాయమ్మగారి క్యారేజీ వైపు చూస్తూ, "అయ్యిందా బుల్లీ? మరి అన్నం?" అన్నాడు.

నేను క్యారేజీ ఎత్తుకుని పరిగెత్తాను.

మూడు రోజులు. మూడు రోజులు నేను ఆ మనిషికి జపాలు పెట్టాను. రెండోరోజు ఒక జపమాల చాల్లేదేమోనని రెండు చెప్పాను. మూడోరోజు ఆయన లేవలేదు, గుంజకి ఆనుకుని చెయ్యి మాత్రం పైకెత్తి ఊపాడు. ఆత్మకి శాంతి దొరుకుతోంది, అందుకే పలచబడుతోందని నేను సంబరపడ్డాను. సిగ్గులేకుండా రాస్తున్నాను, సంబరపడ్డాను.

ఆత్మల పండగనాడు సమాధుల దొడ్డి చూడాలి. పొద్దున్నించీ సున్నాలు, బంతిపూల దండలు, పిల్లలం పీచుతో సిలువలు తోమడం. ఆ రోజు క్యారేజీలు కూడా పొద్దున్నే పంపేశారు, నా బదులు ఇంకెవరో చెరువుల వెనక దారిన వెళ్ళి వెంకాయమ్మగారికిచ్చొచ్చారు. పొద్దు వాలగానే ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులు. కొబ్బరిచెట్టుకి కట్టిన మైకు గొట్టం పొలాల మీదుగా గట్టు చివరిదాకా వినిపిస్తుంది. గాలి లేదు. మంటలు కదలడం లేదు. ఫాదరుగారు తల వూపితే నేను కాగితం విప్పి ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టాను. ఒక పేరు, కాస్త ఆగడం. ఇంకో పేరు, కాస్త ఆగడం.

"సత్తెయ్య" అని చదివి ఆగాను.

"ఆయ్" అని వినపడింది.

దొడ్డి గోడ అవతలినించి. అందరూ విన్నారు. ఎవరి చేతిలోంచో కొవ్వొత్తి జారి ఎండుటాకుల మీద పడితే తొక్కి ఆర్పేవాళ్ళు కూడా లేరు. కాగితం మీదున్నదే ఇంకోసారి చదివాను. నా గొంతు మైకులోంచి నాకే వెనక్కి వచ్చింది. "సత్తెయ్య."

"ఆయ్. వత్తన్నానండీ, వత్తన్నాను."

గోడ మీద ముందు నాలుగు వేళ్ళు కనపడ్డాయి. ఆ తర్వాత గుండు. అంతే, దొడ్డి దొడ్డంతా లేచి పారిపోయింది. ఫాదరుగారు కూడా రెండడుగులు వెనక్కి వేశారు, ఈ సంగతి ఆయన బతికుండగా ఎవరూ అనలేదు. సిస్టర్ ఆనీగారొక్కరే సమాధి మీది కొవ్వొత్తి ఊడబీకి, నేరుగా గోడ దగ్గరికి నడిచారు. మామ్మ ఆవిడ వెనకే. మామ్మ ఆ వేళ్ళమీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఆగి, గట్టిగా అరిచింది.

"వెచ్చగా ఉందే! ఓలమ్మో, చెయ్యి వెచ్చగా ఉంది సిస్టరుగారూ!"

ఇద్దరూ కలిసి ఆయన్ని లోపలికి తెచ్చి, సున్నం తడి ఆరని సమాధి అంచున కూర్చోబెట్టారు. ఆ రోజు నేను కూడా రాకపోయేసరికి, అన్నం కోసం పూట పూటంతా గట్టు మీద డేక్కుంటూ వచ్చాడట. నా గొంతు మైకులో పేర్లు పిలుస్తుంటే వడ్డన మొదలైందనుకున్నాడు. మోకాళ్ళు చీరుకుపోయి ఉన్నాయి. చుట్టూ వెలుగుతున్న అన్ని కొవ్వొత్తుల్నీ చూసి, "ఇయ్యాల పెద్ద పండగలాగుందండీ" అని, తర్వాత చాలా మర్యాదగా అడిగాడు. "అన్నం అయిపోయిందాండీ?"

మామ్మ పరుగున వెళ్ళి గంజి తెచ్చింది. మామ్మ తాగిస్తుంటే ఆ కలగలుపు అన్నం వాసన కొవ్వొత్తుల మైనం వాసనతో కలిసింది. సిస్టరుగారు నా దగ్గరికొచ్చారు. కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది. "ఫిలో," అన్నారు, నా పేరు ఫిలోమినా, "నువ్వే కదా చెప్పింది, లేరు అని?"

"ఇంట్లో లేరన్నానండీ."

"లేరు అంటే రెండు ఉందా?" అన్నారావిడ. పుస్తకం తీసి, ఎన్నడో రాసుకున్న ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. అప్పుడు గాని నాకు ఎముకల్లోకి దిగలేదు, తాతని చంపినది ఏ జ్వరమూ కాదు, నా నోరేనని. ఆకలితో చెయ్యి చాపితే జపం చేతిలో పెట్టింది కూడా నేనేనని.

ఆ తర్వాత వంటసాలలో ఒక కట్టడి వచ్చింది. ఎవరి పేరునీ చెయ్యి పట్టుకుని చూడకుండా జాబితాలోంచి కొట్టెయ్యకూడదు. సిస్టరుగారు వానలో, బురదలో, తనే గట్లంట తిరిగి ఒక్కొక్కరి చెయ్యి పట్టుకునేవారు.

సత్తెయ్య తాత ఇంకో రెండేళ్ళున్నాడు. ఉన్నాడు అంటున్నానే గాని, ఊరికి ఆయన పూర్తిగా తిరిగి రాలేదు. పిల్లలు పాక చూస్తే పరుగు. పెద్దవాళ్ళు ఎదురుపడితే పలకరింపు కన్నా ముందు ఆయన కాళ్ళకేసి చూసేవారు. చివరికి ఆయనకే అనుమానం పట్టుకుంది. నేను క్యారేజీ పెడితే వెంటనే మూత తీసేవాడు కాదు. నా మొహంలోకి చూసి అడిగేవాడు.

"బుల్లీ, ఇయ్యాల ఉన్నానా?"

"ఉన్నారు తాతా."

"ఖాయమేనా?"

నేను ఆయన చెయ్యి పట్టుకోవాలి. పట్టుకుని ఇంకోసారి "ఉన్నారు" అనాలి. అప్పుడు గాని ముద్ద ముట్టేవాడు కాదు. మొదట్లో నవ్వుతూ అడిగేవాడు. రానురాను నవ్వు పోయింది, ప్రశ్న మిగిలింది. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ప్రశ్న కూడా లేదు. చెయ్యి పట్టుకున్నాను. సిస్టరుగారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను గాని 'లేరు' అనలేదు. ఆవిడే అర్థం చేసుకుని చెప్పులేసుకున్నారు.

ఇప్పుడా గట్టు తారురోడ్డు. పాక ఉన్నచోట ఆక్సిజన్ చక్రాలు తిరిగే కొత్త చెరువు. వంటసాల పడగొట్టి గుడికి వచ్చేవాళ్ళ బళ్ళకి చోటు చేశారు. మామ్మ, సిస్టరుగారు, వెంకాయమ్మగారు అందరూ పోయారు. ఏ ఇంటి పొయ్యి పక్కనా ఆ ముంత కనపడదు, గింజ నలిపి మనిషి పేరు చెప్పేవాళ్ళూ లేరు. గుడి తరఫున అన్నం ఇప్పుడు పొట్లాల్లో, ఆటోలో వెళ్తుంది. ఒకే రకం బియ్యం, ఒకే వాసన. సెలవురోజుల్లో నేనూ ఆ ఆటో ఎక్కుతాను. పొట్లం ఇచ్చేముందు చెయ్యి పట్టుకుంటాను, ఈ పంతులమ్మకిదేం చాదస్తమోనని కుర్రాళ్ళు నవ్వుకుంటారు.

ఆ పొట్లాలు తీసుకునేవాళ్ళలో వీరమ్మగారొకరు. జీవితమంతా కొబ్బరిపీచు వలిచిన మనిషి, వేళ్ళమీద గీతలు అరిగిపోయాయి. మూణ్ణెల్లుగా ఆవిడకి కోటా బియ్యం రావడం లేదు. నిన్న వెంటపెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళాను. బల్ల అవతలి కుర్రాడు మంచివాడే, పది వేళ్ళూ ఓపిగ్గా ఒక్కొక్కటీ తుడిచి ఆ చిన్న వేలిముద్రల యంత్రం మీద పెట్టించాడు. ఎర్రలైటు వెలిగింది, మళ్ళీ వెలిగింది. తెరకేసి చూస్తూ, తల ఎత్తకుండా, మా వైపు మర్యాదతోనే అన్నాడు.

"ఈవిడ లేరండీ."

పక్కకి చూశాను. వీరమ్మగారు ఆ కుర్రాడికేసి చూసి, చేతులు రెండూ కట్టుకుని, నెమ్మదిగా తల వూపింది.

"ఆయ్" అంది.

నిన్న ఆఫీసు కట్టేసేదాకా అక్కడే కూర్చున్నాం, పని కాలేదు. ఈ రోజు మళ్ళీ వెళ్తున్నాం. అందుకే ఈ పూట అన్నం ఎక్కువ పెట్టాను, బియ్యం చాలక కలిపాను. మామ్మ వాడిన పాత స్టీలు క్యారేజీ అటకమీంచి దించి, ఆ కలగలుపు అన్నం కింద గిన్నెలో, పప్పుచారు పై గిన్నెలో సర్దాను. పన్నెండయ్యేసరికి ఆ బల్ల ముందే మూత తీస్తాను. తీసేముందు ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆ కుర్రాడికి వినపడేలా, మైకు గొంతుతో, ఒక్క మాట అంటాను. చిన్నప్పుడు గట్టు మీద ఇరవై గజాల అవతలినించి అనవలసిన మాటే.

"ఉన్నారు."